వీపు మీది రెండో కొమ్ము

పటాల కాక పోయిన నాలుగో రోజు పొద్దున ఆయన కొడుకు మా గడపలో నిలబడి, చెప్పులు విప్పకుండానే విషయం చెప్పాడు.

"సారూ, నాయిన బొమ్మ నువ్వే గియ్యాలె. మాకాడ ఒక్క ఫొటో గూడ లేదు. మొఖం యాది మరుస్తనేమోనని అమ్మ ఒక్కతీరు ఏడుస్తున్నది. పదకొండో దినానికి పటం గావాలె."

గీస్తానన్నాను. ఆలోచించకుండానే అన్నాను. ఆర్మూర్‌లో నన్ను మించిన చిత్రకారుడు లేడన్న ధీమా అప్పటికింకా పూర్తిగా చావలేదు. దాన్ని చంపడానికి ఆయన ఎనిమిదేళ్లు కష్టపడ్డాడు గానీ, కొన్ని రోగాలు అంత తొందరగా కుదరవు.

ఆయనకు పాత బస్టాండు పక్క సందులో పటాలు కట్టే దుకాణం ఉండేది. ఊరంతా పటాల కాక అనేది, నేనూ కాకా అనే పిలిచేవాణ్ణి. వేల్పూర్, ముప్కాల్, దొంకేశ్వర్ దాకా ఇళ్లల్లో గోడలకు వేలాడే దేవుళ్లూ, పోయిన పెద్దలూ సగానికి సగం ఆయన చేతుల మీదుగా అద్దం వెనక్కి పోయినవాళ్లే. అలాంటి మనిషికి ఒక్క ఫొటో లేదు. "పటం కట్టెటోడే పటంల కూసుంటే దుకాణం ఎవలు సూస్తరు?" అనేవాడు. కొడుకు పెళ్లి ఆల్బం మొత్తం తిరగేస్తే ఆయన వీపు రెండు చోట్ల, పప్పు బకెట్ పట్టుకున్న చేయి ఒక చోట దొరికాయి.

నేను ఎనభైల నడుమ ఆర్మూర్ హైస్కూలుకు డ్రాయింగు మాస్టరుగా వచ్చాను. డ్రాయింగు హయ్యర్ పాసైన సర్టిఫికెట్టు, భుజాన గుడ్డసంచి, మెడ దాకా జుట్టు నా ఆస్తి. వీటితో ఊరిని కళ వైపు మళ్లించవచ్చని నిజంగానే నమ్మాను. హెడ్మాస్టరు గారు మొదటి వారంలోనే పిలిచి, నీళ్ల తొట్టి మీద 'నీళ్లు వృథా చేయరాదు' అని రాయమన్నారు. రాశాను. అక్షరాలకు నీడలు కూడా వేశాను. పిల్లలు ఆ నీడల మీదే చేతులు కడిగేవారు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల నడుమ ఒక కాగితం చుట్ట కనిపించింది. అమ్మేవాడు విప్పి చూపించి, "ఆర్ట్ ప్రింట్ సాబ్, ఫారిన్ది" అన్నాడు. ఐదు వందల ఏళ్ల కింద జర్మనీలో ఒకాయన చెక్క మీద చెక్కి అచ్చు వేసిన ఖడ్గమృగం బొమ్మకు అది నకలు. ఒళ్లంతా ఇనుప రేకులు బిగించినట్టు పలకలు, కాళ్ల మీద చేప పొలుసులు, ముక్కు మీద కొమ్ము. అది చాలదన్నట్టు మెడ వెనక, వీపు మీద ఇంకో చిన్న కొమ్ము. పైన ఎవరికీ అర్థం కాని అక్షరాలు నాలుగైదు వరసలు. నేను అప్పటికి ఖడ్గమృగాన్ని ఎక్కడా చూసి ఉండలేదు. కానీ ఫారిన్ బొమ్మ అబద్ధమాడుతుందని నాకెందుకు అనుమానం వస్తుంది?

దాన్ని పట్టుకుని కాక దుకాణానికి పోయాను. ఆయన బల్ల మీద వంగి, పెదవుల మధ్య నాలుగు చిన్న మేకులు పెట్టుకుని పని చేస్తున్నాడు. పని మీద ఉన్నంతసేపూ ఆ మేకులు అక్కడే ఉండేవి, మాట ఒక మూల నుంచి వచ్చేది. తలెత్తకుండానే ప్రతి ఒక్కరినీ అడిగే ప్రశ్నే నన్నూ అడిగాడు.

"దీపం పెడ్తవా, దండ ఏస్తవా?"

దేవుడి పటమైతే కింద దీపానికి చిన్న బల్లచెక్క కొట్టాలి, పోయినవాళ్ల పటమైతే దండకు పైన రెండు మేకులు. ఆయన లెక్కలో లోకంలోని బొమ్మలన్నీ ఈ రెండు జాతులే.

"రెండూ కాదు కాకా. గోడకు పెట్టుకుని చూస్తాను" అన్నాను.

"ఉత్తగనే సూస్తవా?"

అప్పుడు నేను కళ గురించి మాట్లాడాను. ఎంతసేపు మాట్లాడానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఎదురు హోటలు నుంచి చాయ్ వచ్చి, చల్లారి, మీద మీగడ కట్టింది. నా ఉపన్యాసం అయ్యేదాకా ఆయన బొమ్మనే చూస్తున్నాడు. తర్వాత నోట్లోని మేకులు ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అలా తీశాడంటే అసలు మాట చెప్పబోతున్నాడని తర్వాత తర్వాత తెలిసింది.

"సారూ, గీయన గీ జీవాన్ని సూడలే. ఎవలో చెప్తె ఇని గీసిండు."

నాకు నవ్వొచ్చింది. ప్రపంచమంతా మెచ్చుకున్న బొమ్మను పట్టుకుని ఆర్మూర్ సందులో పటాలు కట్టే మనిషి ఇలా అంటే నవ్వు రాదా? ఎట్లా చెప్పగలవని అడిగాను.

"సూసినోడు సగం ఇడిసిపెడ్తడు. ఇన్నోడు ఏదీ ఇడిసిపెట్టడు. గిండ్ల సూడు, ఒక్క జాగ ఖాళీ లేదు. తోలు మందమని చెప్పిన్రు, రేకులు గొట్టిండు. గరుకుంటదని చెప్పిన్రు, పొలుసులు పెట్టిండు. పాపం, భయపడుకుంట గీసిండు. ఏదన్న మర్చిపోతె చెప్పినోళ్లు ఏమనుకుంటరోనని."

ఈ మాట ఆయన గాల్లోంచి తీసుకురాలేదు. విని గీయడం ఆయన పని కూడా. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లలో ఒక్క ఫొటో కూడా తీయించుకోకుండా కన్నుమూసినవాళ్లు ఎంతోమంది. దినాలకు పటం కావాలని ఇంటివాళ్లు వస్తే, ఆయన వాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి, చాయ్ తాగించి, వాళ్లు చెప్పింది విని బొగ్గు పెన్సిలుతో ముఖం గీసేవాడు. ముక్కు ఎట్లుంటది, కండ్లు ఎట్లుంటయి అని అడిగేవాడు కాదు. "కోపమొస్తే ఏం జేసెటోడు? బీడీ ఏ పక్కకు పెట్టెటోడు? ఎనుకకెల్లి పిలిస్తే ఏ పక్కకు తిరిగెటోడు?" ఇవీ ఆయన ప్రశ్నలు. బొమ్మ అయ్యాక ఛాతీకి బోర్లా ఆనించుకుని, ఒక్కసారిగా తిప్పి చూపించేవాడు. అప్పుడు ఆయన బొమ్మను చూసేవాడు కాదు, చూసేవాళ్ల ముఖాలు చూసేవాడు.

ఆ బొమ్మలు నాకు నచ్చేవి కావు. ఒక చెవి పెద్దదిగా ఉండేది, ఒక కన్ను కిందికి జారేది. దూరం, దగ్గర అనే సూత్రం ఉంటుందని, దూరం పోయేకొద్దీ వస్తువు చిన్నగా కనిపిస్తుందని రోడ్డు చివరి చెట్టును చూపించి పాఠం చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"గది చెట్లకు సారూ. మనుషులు దూరం పోయినకొద్ది పెద్దగైతరు" అన్నాడు.

ఖడ్గమృగాన్ని మాత్రం మంచిగా కట్టిచ్చాడు. పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజులు అవి. ఊరి గాలిలో పసుపు దుమ్ము ఎక్కడపడితే అక్కడ వాలేది. అద్దం మూసేముందు తడిగుడ్డతో ఎంత తుడిచినా, బొమ్మ అంచున సన్నటి పసుపు చార ఉండిపోయింది. "మనూరు ముద్ర" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

వేల్పూర్ సంగతి ఆ ఎండాకాలమే జరిగింది. పసుపు పండించే ఒక పెద్దాయన పోయాడు, ఫొటో లేదు. ఇద్దరు కొడుకులు దుకాణానికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. నా అహం ఊరుకోలేదు. "కాకా, ఈ ఒక్కటి నేను గీస్తాను" అన్నాను. ఆయన మేకులు తీయకుండానే తలూపాడు.

కొడుకులను అడిగితే "మా నాయిన మంచిగుండెటోడు సారూ" అని ఒకడు, "మస్తు మంచిగుండెటోడు" అని రెండోవాడు చెప్పారు. దాంతోనే మూడు రోజులు కూర్చుని గీశాను. పాగా మడతలు, నీడ, వెలుగు, కళ్లల్లో చుక్క, అన్నీ పుస్తకంలో ఉన్నట్టే కుదిరాయి. అదే నా జీవితంలో గొప్ప బొమ్మ అనుకున్నాను. కాక, నేను కలిసి దాన్ని పట్టుకుని వేల్పూర్ పోయాం. ఇంటివాళ్లంతా చుట్టూ మూగి చూశారు. పెద్దకొడుకు చాలాసేపు చూసి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"బొమ్మ మంచిగున్నది సారూ. ఎవలది?"

నేను ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. ఏదో చెప్పే ఉంటాను, మాటలకు ఎప్పుడూ తక్కువ లేదు. కాక మాత్రం నా వైపు చూడకుండా, "చిన్నకోడలును పిలువున్రి" అన్నాడు. కొడుకులు తండ్రి ముఖం చూడరట, ఎదురుగా నిలబడితే తల దించుకుంటారట. కోడలు తలుపు చాటు నుంచి దొంగచూపు చూస్తుంది, ఆ చూపుకు అన్నీ కనపడతాయి. ఇది ఆయన సిద్ధాంతం. ఆమె గుమ్మం వెనక నిలబడి మెల్లగా చెప్పింది. కూర నచ్చకపోతే మామ కింది పెదవి లోపలికి మడిచేవాడట. చెవి మీద వెంట్రుకలుండేవట. ఎవరైనా అబద్ధం చెబితే ఎడమ కన్ను సగం మూసి వినేవాడట.

కాక అరుగు మీద కూర్చుని గంటలో గీశాడు. ఎప్పటిలాగే ఒక చెవి పెద్దదే. ఛాతీకి ఆనించుకుని ఒక్కసారి తిప్పాడు. చిన్నకోడలు గబుక్కున కొంగు తల మీదికి లాక్కుని గుమ్మం లోపలికి తప్పుకుంది, మామ ఎదురుపడితే తప్పుకున్నట్టే. లోపల నుంచి ఏడుపు వినిపించింది. నా గొప్ప బొమ్మను వాళ్లు మర్యాదకు పారేయలేదు, బియ్యం డబ్బా మీద మూతగా పెట్టారని తర్వాత తెలిసింది.

ఇంత జరిగాక ఎవరైనా బుద్ధి తెచ్చుకుంటారు. నేను ఖడ్గమృగాన్ని బడికి తీసుకుపోయాను. ఇంట్లో ఎవరూ చూడటం లేదు, కనీసం పిల్లలైనా చూస్తారని. ఎనిమిదో తరగతి గోడకు తగిలించి, ఒక పీరియడంతా పాఠం చెప్పాను. ముక్కు మీది కొమ్ము శత్రువు కోసమని, వీపు మీది చిన్న కొమ్ము పైనుంచి దూకే పులి కోసమని చెప్పాను. పులి సంగతి ఎవరూ చెప్పలేదు, నేనే కల్పించాను. పిల్లలు నోట్సు రాసుకున్నారు. పరీక్షలో గీయమని కూడా ఇచ్చాను. వీపు మీద కొమ్ము మర్చిపోయినవాళ్లకు రెండు మార్కులు తగ్గించాను.

చలికాలంలో పిల్లల్ని హైదరాబాద్ జూకు తీసుకుపోయాం. ఖడ్గమృగం కంచె దగ్గరికి మా తరగతి మొత్తం పరుగెత్తింది. అది బురదలో నిలబడి, మా వైపు వీపు తిప్పుకుని గడ్డి తింటోంది. వీపు నున్నగా, ఏమీ లేకుండా ఉంది. నలభై మంది నా వైపు తిరిగారు. మార్కులు పోగొట్టుకున్న పిల్ల ఒకతి అడిగింది.

"సార్, ఈపు మీది కొమ్ము ఏది?"

"ఇది ఆడది" అన్నాను. పక్కనే ఉన్న జూ మనిషి చీపురు ఆపి, "మగదే సార్" అన్నాడు. ఆర్మూర్ దాకా బస్సులో నేను కిటికీ వైపు తల తిప్పుకుని కూర్చున్నాను. ఆ పిల్ల రెండు మార్కులు మాత్రం వాపసు ఇచ్చాను.

మర్నాడు సాయంత్రం కాక దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. పులిని కూడా దాచలేదు. "మగదే సార్" దగ్గరికి వచ్చేసరికి ఆయన మేకులు ఒక్కొక్కటే అరచేతిలోకి ఉమ్మాడు. ఏదో గంభీరమైన మాట చెబుతాడనుకున్నాను. ముందు భుజాలు కదిలాయి. తర్వాత ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది, పై పళ్ల మధ్య సందు కనిపించింది, ముఖమంతా ముడతలు పడి దగ్గరికి వచ్చేసింది. బల్లను పట్టుకుని వంగిపోయాడు. చప్పుడు లేదు. కళ్ల నుంచి నీళ్లు మాత్రం ధారగా కారాయి. నేనూ నవ్వక తప్పలేదు.

"సారూ, నువ్వు గూడ సూడకుండనే చెప్పినవ్" అన్నాడు తేరుకున్నాక. "నేను, నువ్వు, గా జర్మనీ ఆయన, ముగ్గురం ఒక్క దుకాణపోళ్లం."

ఆ తర్వాత లైబ్రరీలో ఒక లావు పుస్తకంలో చదివాను. పోర్చుగల్ రేవులో దిగిన జంతువును చూసి ఎవరో రాసిన ఉత్తరం, దాంతోపాటు ఒక చిన్న గీతల బొమ్మ, ఇవి పట్టుకునే ఆయన గీశాడట. జీవితంలో ఎన్నడూ ఖడ్గమృగాన్ని చూడలేదట. ఆ సంగతి కాకకు చెబితే ఆశ్చర్యపోలేదు. రెండో కొమ్ము ఎట్లా వచ్చిందో మాత్రం చెప్పాడు. "చెప్పెటోనికి మస్తు పాయిరం, ప్రేమ ఉంటే ఒక కొమ్ము ఎక్కువనే చెప్తడు."

ఇన్ని సాయంత్రాలు ఎదురుగా కూర్చున్న మనిషి కదా, ముఖం గీయడం ఎంత పని అనుకున్నాను. కాక కొడుకు వెళ్లిపోయాక కాగితం పరిచి కూర్చుంటే, మేకులు గుర్తొచ్చాయి, చేతులు గుర్తొచ్చాయి, చాయ్ గ్లాసు పట్టుకునే తీరు గుర్తొచ్చింది. ముఖం రాలేదు. ఎనిమిదేళ్లు ఆయన నన్ను చూశాడు, నేను నా మాటలు వింటూ కూర్చున్నాను. ఈ సంగతి ఆ పొద్దున తెలిసి, కాగితం ముందు కూర్చుని ఏడ్చాను.

అడగడం మొదలుపెట్టాను. ఎదురు హోటలాయన కాక ఆరడుగులుండేవాడన్నాడు. కాక నా భుజం దాకానే వచ్చేవాడు. అద్దాలు తెచ్చే ఆయన మీసం తెల్లదన్నాడు, కిరాణా ఆయన అసలు మీసమే లేదన్నాడు. సంతలో కూరలమ్మే ఆమె, దండం పెట్టాలనిపించే కళ్లని చెప్పి తనే కళ్లు తుడుచుకుంది. అందరూ తలా ఒక కొమ్ము ఎక్కువ చెప్పారు. అవన్నీ పెట్టి గీస్తే అది మనిషి అయ్యేది కాదు. కాక కోడలు మాత్రం ఒక్క మాట చెప్పింది, ఎడమ కనుబొమ్మ మీద అద్దం గీరిన గాటుందని. అది పనికొచ్చింది.

నాలుగు కాగితాలు చింపాను. పదో రోజుకు చేతకాదని ఒప్పుకుని, కొడుకుకు చెప్పి వద్దామని లేచాను. అప్పుడు ఏమైందో, చెప్పులేసుకుంటూ జూ సంగతి తలుచుకుంటే ఆ నవ్వు కళ్ల ముందు నిలబడింది. చెప్పులతోనే కూర్చుని గీశాను. ముడతలు, మూసుకున్న కన్ను, పళ్ల సందు, గాటు. మిగతా సగం వదిలేశాను, ఎందుకంటే మిగతా సగం నాకు నిజంగా తెలియదు.

పటం నేనే కట్టాను, ఆయన దుకాణంలో, ఆయన సామానుతో. రెండు అద్దాలు పగలగొట్టాను. నాలుగు మూలల్లో మూడు కలవలేదు. దండకు పైన రెండు మేకులు మాత్రం మరిచిపోలేదు.

పదకొండో రోజు వాకిట్లో టెంటు కింద చుట్టాలంతా కూర్చుని ఉన్నారు. పటం ఛాతీకి ఆనించుకుని నిలబడ్డాను. తిప్పాను. కోడలు కొంగు కప్పుకుంటుందేమోనని చూశాను. ఆమె కప్పుకోలేదు. నోరు తెరిచి, అర్థం కానట్టు చూస్తోంది. కొడుకు ఇబ్బందిగా కదిలాడు.

"సారూ, నాయిన గిట్ల నవ్వంగ మేం ఎన్నడు సూడలే" అన్నాడు. "అసల్ ఇంట్ల నవ్వెటోడే కాదు."

వేల్పూర్ పెద్దకొడుకు ఇంతకన్నా మర్యాదగా అడిగాడు. పటం వెనక్కి తీసుకుపోయి మళ్లీ గీస్తానని చెప్పబోతున్నాను. చిన్నమ్మ, కాక భార్య, గోడ పక్క నుంచి లేచి వచ్చింది. నా చేతిలోంచి పటం తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. అద్దం మీద వేలితో ఆ గాటు మీద, పళ్ల సందు మీద రాసింది.

"ఆయనే" అంది. "నలభై ఏండ్లు కాపురం జేసిన. గీ మొఖం మాత్రం నాకు ఒక్కనాడు సూపియ్యలే." వేలు తీయకుండానే అడిగింది. "ఎవలను సూసి గింత నవ్విండు సారూ?"

"నన్నే చిన్నమ్మా."

"ఏం జేసినవ్?"

చెప్పాను. ఆ మందిలో, ఆ టెంటు కింద నిలబడి మొత్తం చెప్పాను. పులిని, మార్కులను, ఆడది అన్న మాటను, ఏదీ వదలకుండా. నేను చెబుతున్నంతసేపూ ఆమె నా వైపు చూడలేదు, పటంలోని ముఖం వైపే చూసింది. చీపురు మనిషి మాట దగ్గర ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని ఆగిపోయాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

చుట్టాలు తలలు తిప్పి చూశారు. కొడుకు దగ్గరికొచ్చి మెల్లగా, "అమ్మా, మంది సూస్తున్నరు" అన్నాడు.

"సూడనీ" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు గోడకు మేకు కొట్టు."